ఉప్పు మానేసిన ఇల్లు

నూకరత్నం చేతులు చూస్తే ఆమె ఏం పని చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. వేళ్ల సందుల్లో తెల్లటి పగుళ్లు, గోళ్ల చుట్టూ ఒరుసుకుపోయిన చర్మం. ముప్పై రెండేళ్లుగా చేపకి ఉప్పు పట్టిస్తున్న చేతులవి. తాళ్లరేవు దాటి, గోదావరి సముద్రంలో కలిసే మొగ వైపు వెళితే ఒక చిన్న పేట ఉంది. అక్కడ ఆమె ఇల్లు. ఇంటి ముందు రెండు సిమెంటు తొట్లు, వాటి పక్కన చేపలు ఎండబెట్టే బల్లలు. పడవలు ఒడ్డుకొచ్చాక పచ్చి చేపగా అమ్ముడుపోయింది పోగా మిగిలింది ఆమె దగ్గరికి వస్తుంది. ఎక్కువగా కానాగంతలు, అప్పుడప్పుడు సొరలు. పొట్ట చీల్చి, పేగులు తీసి, రాళ్ల ఉప్పు దట్టించి, రెండు రోజులు తొట్టిలో ఉంచి, తర్వాత ఎండలో వేస్తుంది. వారానికోసారి రెండు గంపలు బస్సెక్కించి రామచంద్రపురం సంతకి పోతుంది. నూకరత్నం చేప ఆరు నెలలున్నా పురుగు పట్టదని సంతలో పేరు.

ఆ పేరంటే ఆమెకి మహా గర్వం. ఆ గర్వమే కొంప మీదికి తెచ్చిందని ఇప్పుడు ఎవరితోనైనా తనే అంటుంది.

ఆమె మొగుడు పల్లంరాజు. యాభై ఎనిమిదేళ్లు. వయసులో ఉన్నప్పుడు తెడ్డు వేస్తే పడవ కోతకొచ్చిన చేలో కొడవలిలా పోయేది. తర్వాత పడవలకి ఇంజన్లొచ్చాయి. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులొచ్చాయి. పడవ అన్నకొడుకుల చేతికిచ్చేసి, అరుగు మీద కూర్చుని వలలు కుట్టే పని పెట్టుకున్నాడు. పొద్దున్న కూర్చుంటే భోజనానికి లేస్తాడు. భోజనం చేసి మళ్లీ కూర్చుంటాడు. ఒళ్లు కదిలే పని పోయింది గానీ తిండి మాత్రం తెడ్డు వేసినప్పటి తిండే. పెద్ద కంచం నిండా అన్నం, పైన కూర, చివర్లో గంజి. పొట్ట ముందుకొచ్చింది. రెండు మెట్లెక్కితే నుంచుని ఊపిరి తీసుకునేవాడు. "వయసైపోయింది కదే" అనేవాడు. ఆమె కూడా అంతే అనుకునేది.

రెండేళ్ల కింద హేమశ్రీ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. ఊళ్లో ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆమె నర్సు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. చూసి, పట్టీ విప్పి మళ్లీ చుట్టింది.

"బాబాయ్ గారూ, ఇంకోసారి చూస్తానండి. కాసేపు మాట్లాడకుండా కూర్చోండి."

"నేను ఊరుకుంటాను గానీ అమ్మా, మీ పిన్ని ఊరుకోవద్దూ."

రెండోసారీ అదే వచ్చింది. నూట ఎనభై, కింద నూట పది. హేమశ్రీ నవ్వలేదు. మాత్రలిచ్చింది. రోజూ వేసుకోవాలంది, తలనొప్పి ఉన్నా లేకపోయినా వేసుకోవాలంది. రోజూ అరగంట నడవమంది. ఉప్పు తగ్గించమంది.

"ఎంత తగ్గించాలండి?" అని అడిగింది నూకరత్నం.

"ఇంట్లో ఒక్కో మనిషికి రోజు మొత్తానికి చిన్న చెంచాడు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. ఊరగాయలు, అప్పడాలు, బజ్జీలు మానెయ్యాలి. మాంసంలో కొవ్వు వద్దు. చేప మంచిదే పిన్నీ. గుండెకి మంచిది. పులుసు పెట్టుకోండి, వేపుళ్లొద్దు."

హేమశ్రీ పక్కింటికెళ్లిపోయింది. నూకరత్నం మనసులో రెండు మాటలు నాటుకున్నాయి. ఉప్పు చెడ్డది. చేప మంచిది.

ఆ సాయంత్రమే కొట్లో కొన్న ఉప్పు ప్యాకెట్టు తీసుకెళ్లి కాలవలో పోసేసింది. ఆమె ఏ పనైనా సగం చెయ్యదు. తగ్గించమంటే తగ్గించడం ఏంటి, మానేస్తే పోలా అనుకుంది. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు లేదు, పప్పులో లేదు, చారులో లేదు. పల్లంరాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె మొహం చూశాడు.

"ఇదేంటే, కూర కడుక్కొచ్చావా?"

"నర్సమ్మ గారు చెప్పారు కదయ్యా. నీ గుండె కోసమే."

"గుండె సంగతి తర్వాత. గొంతు దిగట్లేదు."

మూడు రోజులు అలాగే సగం కంచం వదిలేసి లేచాడు. తిండి వదిలేసిన మొగుణ్ణి చూస్తూ కూర్చునే ఆడది కాదు ఆమె. నాలుగో రోజు బయటికెళ్లి బల్ల మీద ఎండుతున్న కానాగంతల్లోంచి బాగా కండ ఉన్నవి రెండు తెచ్చింది. నూనె కూడా వద్దు కదా అని నిప్పుల మీద కాల్చి, ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, ముక్కలు చేసి కంచంలో వేసింది. పల్లంరాజు కంచం ఖాళీ చేసి, మారు పెట్టించుకున్నాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ముప్పై రెండేళ్లు ఉప్పులో చేతులు పెట్టిన మనిషికి ఆ మాత్రం తెలీదా అని మీరడగొచ్చు. తెలుసు. తెలిసే చేసింది. ఆ ఉప్పు చేప నిలవుండటానికి వేసింది, మనుషులు తినడానికి వేసింది కాదు అని ఆమె లెక్క. పైగా ప్యాకెట్టు ఉప్పులో మందులు కలుపుతారని, సముద్రపు నీళ్లు ఎండగట్టే కయ్యల్లో తీసిన రాళ్ల ఉప్పు ఎవర్నీ ఏం చెయ్యదని ఆ పేటలో అందరూ అనుకునేదే. వాళ్ల తాతలు తిన్నారు, తండ్రులు తిన్నారు. చేపల వాళ్ల ఇంట్లో ఎండు చేపని ఎవరూ ఉప్పని అనుకోరు, రైతు ఇంట్లో బియ్యాన్ని పిండి పదార్థం అనుకోనట్టే.

అలా పొద్దున్న గంజన్నంలోకి రెండు ముక్కలు, మధ్యాహ్నం నాలుగు, సాయంత్రం నాలుగు. కూర ఎంత చప్పగా ఉంటే ముక్కలు అన్ని ఎక్కువ పడేవి. సంతలో కూడా ఆమె గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. "తీసుకెళ్లండి బాబూ, గుండెకి చేప మంచిదంట. నర్సమ్మ గారే చెప్పారు. మా ఆయనకి రోజూ ఇదే పెడుతున్నాను." నమ్మకంగా చెప్పేది, నమ్మి కొనేవాళ్లు.

నడక సంగతి ఇంకోలా అయింది. ఆ పేటలో పని లేకుండా నడిచే మనిషి ఉండడు. పల్లంరాజు చేతులూపుకుంటూ గట్టు మీదికెళితే ప్రతి గుమ్మం దగ్గరా ఆపేవాళ్లు.

"ఎక్కడికండీ పొద్దున్నే? ఎవరన్నా పోయారా?"

"లేదు, ఊరికే."

"ఊరికే ఏంటండి, రండి, టీ తాగి వెళ్లండి."

మూడు గుమ్మాల దగ్గర మూడు టీలు, నాలుగో చోట వేడి పునుగులు. కాదంటే మర్యాద కాదు. వారం తిరిగేసరికి నడక మానేసి, "నడిస్తే ఇంకా లావవుతున్నాను రత్నం" అన్నాడు. మాత్రలు కూడా అంతే. నెల వేసుకున్నాడు. తర్వాత తల బరువుగా ఉన్న రోజు వేసుకునేవాడు. బాగున్న రోజు డబ్బా మీద చెయ్యి పెట్టేవాడు కాదు. హేమశ్రీ వచ్చి అడిగితే నూకరత్నమే సర్ది చెప్పేది. "మాత్రలదేముందండి, మేం అసలు ఉప్పే మానేశాం" అని. హేమశ్రీ మెచ్చుకుని వెళ్లేది.

ఏడాదిన్నర గడిచింది. మార్పు మెల్లగా వచ్చింది, వరద నీరు రాత్రికి రాత్రి కాకుండా మెట్టు మెట్టుగా ఎక్కినట్టు. ముందు పల్లంరాజు మొలతాడు బిగుసుకుంది. నూకరత్నం విప్పి వదులుగా కట్టింది. నెల తిరక్కుండా మళ్లీ బిగుసుకుంది. చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు కనిపించేవి, సాయంత్రం దాకా పోయేవి కావు. పడుకుంటే దగ్గు. లేచి గోడకి ఆనుకుంటే తగ్గేది. అలా కొన్నాళ్లకి మంచం వదిలేసి గోడకే ఆనుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు. వల కుట్టే సూది మధ్యలో ఆగిపోయేది. ఏంటయ్యా అంటే "గ్యాసు" అనేవాడు. గ్యాసుకి సోడా తాగేవాడు, అందులో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి. ఆ ఉప్పు పక్కింటి పాపాయి ఇచ్చేది, ఎందుకంటే వీళ్ల వంటింట్లో ఉప్పు లేదు.

పాపాయి కూడా చేపలు ఎండబెట్టే మనిషే. నోరు పెద్దది, మనసు మంచిది. తొట్టి దగ్గర నూకరత్నంతో అనేది, "నీ మొగుడు బాగా ఒళ్లు చేశాడే. ఉప్పు లేని కూటికే ఇంత ఒళ్లొస్తే, ఉప్పేస్తే ఏనుగైపోయేవాడేమో."

"దిష్టి పెట్టకే."

"నేను పెట్టేదేంటే, అద్దంలో ఆయనే పెట్టుకుంటున్నాడు. ఆదివారం మిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి."

తిప్పింది. మిరపకాయల ఘాటొచ్చింది. దిష్టి లేదనుకుని స్థిమితపడింది.

వేసవిలో సర్కారు సముద్రం మీద పెట్టే వేట నిషేధం ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతుందనగా ఒక పొద్దున్న నాటు పడవ వాళ్లు కాసిని ఏటి చేపలు తెచ్చారు. నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఏరుతోంది. చేప పాడైందో లేదో చూడటానికి ఆమె వాసన చూడదు. బొటనవేలితో కండ నొక్కుతుంది. వేలు తీయగానే కండ పైకి లేస్తే మంచి చేప. గుంట అలాగే ఉండిపోతే పక్కన పడేస్తుంది. ఎన్ని వేల చేపలు అలా నొక్కిందో లెక్కలేదు. వేలికి అదొక అలవాటు.

పల్లంరాజు పక్క మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పంచె మోకాళ్ల దాకా ఉంది. ముంగాళ్లు నున్నగా, బిగిసిపోయి, మెరుస్తున్నాయి. ఆమె ఏమీ అనుకోకుండానే చెయ్యి చాపి, ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది. తీసింది.

గుంట అలాగే ఉండిపోయింది.

ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. గంపలోంచి ఒక చేప జారి కింద పడింది. గుంట పూడలేదు.

"ఏంటే అలా చూస్తున్నావ్?" అన్నాడు.

"ఏం లేదు. కాకినాడెళ్లి డాక్టరుకి చూపిద్దామయ్యా."

"ఇప్పుడా? పదిహేను రోజుల్లో పడవలు దిగుతున్నాయి. వలలు సగం కూడా అవ్వలేదు. తొలి వేట అయ్యాక వెళ్దాంలే."

ఆమె సరేనంది. ఆ సరే అన్న మాట తర్వాత ఆమెని చాలాకాలం నిద్రపోనివ్వలేదు. నిషేధం తర్వాత తొలి వేటకి వచ్చే చేప ఏడాది మొత్తంలో ఎక్కువ. తొట్లు కడగాలి, ఉప్పు దింపించాలి. పదిహేను రోజులు ఎంతలో పోతాయిలే అనుకుంది. ఆ పదిహేను రోజులూ ఆయన పంచె కిందికి దించుకునే కూర్చునేలా చూసింది. కనపడకపోతే ఉండదన్నట్టు.

పడవలు దిగిన మర్నాడు, పొద్దున్న ఎనిమిదింటికి, ఒడ్డు మీద జనం. పల్లంరాజు కొత్త వల మూట ఒకటి భుజాన వేసుకుని గట్టెక్కబోయాడు. పది అడుగులేశాడు. మూట జారిపోయింది. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. నూకరత్నం పరిగెత్తుకెళ్లేసరికి ఆయన నోరు తెరుచుకుని ఉంది, ఊపిరి లోపలికి పోవడంలేదు, లోపల నీళ్లు మరుగుతున్నట్టు గరగర చప్పుడు. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో పడుకోబెట్టండి అన్నారు. పడుకోబెడితే ఇంకా ఎక్కువైంది, చేతులతో గాలిని పట్టుకోబోయాడు. నీళ్లలో మునిగిపోయేవాణ్ణి ఆమె చిన్నప్పుడు ఒకసారి చూసింది. ఎండిన ఇసక మీద కూర్చుని అలాగే మునిగిపోతున్నాడు ఈయన.

"లేపి కూర్చోబెట్టండి" అంటూ హేమశ్రీ వచ్చింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది ఆమే. నాలుక కింద మాత్ర పెట్టింది ఆమే. అంబులెన్సులో నూకరత్నం ఆయన వీపుకి తన గుండె ఆనించి కూర్చుంది, ఆయన ఒరిగిపోకుండా. చేతులకి చేప పొలుసులు అలాగే ఉన్నాయి.

కాకినాడ ఆసుపత్రిలో మూడు రోజులు. సూది మందుతో నీరు బయటికి తీశారు, సంచులు సంచులుగా. మూడో రోజు డాక్టరమ్మ నూకరత్నాన్ని పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. మెత్తగా మాట్లాడే మనిషి.

"ఇంట్లో ఉప్పు ఎంత వాడతారమ్మా?"

"ఉప్పాండీ? మా ఇంట్లో ఉప్పు గింజ లేదండి. ఏడాదిన్నరయ్యింది మానేసి. కావాలంటే మా పేటలో ఎవర్నైనా అడగండి."

డాక్టరమ్మ కాగితాలు ఇంకోసారి చూసింది. "మరి ఇంత నీరెలా పట్టిందో. పొద్దున్నుంచీ ఏం తింటారో చెప్పండి."

"పొద్దున్న గంజన్నం, కాల్చిన కానాగంత. మధ్యాహ్నం ఉప్పులేని కూర, కానాగంత ముక్కలు. సాయంత్రం కూడా అంతేనండి."

"కానాగంతంటే, ఎండు చేపా?"

"ఆయ్. నేనే చేస్తానండి. రామచంద్రపురం సంతలో అడగండి నా చేపంటే."

"ఎలా చేస్తారమ్మా?"

అడిగేవాళ్లుంటే చెప్పడం ఆమెకిష్టం. "పొట్ట చీలుస్తామండి. పేగులు తీసేసి, శుభ్రంగా కడుగుతాం. నాలుగు కేజీల చేపకి కేజీ రాళ్ల ఉప్పు. కొంతమంది తక్కువేస్తారు, నేను వెయ్యను. తక్కువైతే పురుగు పడుతుంది. వరస చేప, వరస ఉప్పు. రెండు రోజులుంచితే ఉప్పు ముల్లు దాకా దిగి కండంతా పట్టేస్తుంది. అప్పుడు..."

అక్కడ ఆగిపోయింది.

నూకరత్నం తన చేతుల వైపు చూసుకుంది.

"నేనే పెట్టానండి" అంది. "రోజుకి పది ముక్కలు. తినకపోతే బతిమాలి పెట్టాను."

"మీరు మంచికే చేశారమ్మా."

"విషం పెట్టేవాళ్లు కూడా ఇంత ప్రేమగా పెట్టరండి."

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్క ఉప్పే కాదు. మాత్రలు సరిగా వేసుకోలేదు, కదలిక లేదు, పొట్ట పెరిగింది, అన్నీ కలిశాయి. ఏళ్ల తరబడి ఎక్కువ బీపీ మీద కొట్టుకుని కొట్టుకుని గుండె సాగిపోయింది. పంపింగు సగానికి పడిపోయింది. ఉప్పు చేపలోంచి నీటిని లాగేస్తుంది కదా, మనిషిలో మాత్రం నీటిని కట్టేసి ఉంచుతుంది. ఆ నీరే కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగింది."

"మళ్లీ మామూలవుతాడాండి?"

"పూర్తిగా మామూలవుతుందని నేను చెప్పలేను. కచ్చితంగా ఉంటే ఏళ్లు గడుస్తాయి. లేకపోతే ఈసారి అంబులెన్సు వచ్చేదాకా కూడా ఉండకపోవచ్చు."

తర్వాత ఒక మాట రెండుసార్లు చెప్పింది. రోజూ పొద్దున్న, ఒంటికెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడాలి. మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి. "ఆయాసం వచ్చేదాకా ఆగొద్దు. బాగానే ఉన్నానని ఆయనంటారు. ఆయన మాట వినొద్దు."

ఇంటికొచ్చాక నూకరత్నం చేపలు తూచే కాటాని గుమ్మంలోకి లాగించింది. రోజూ పొద్దున్న ఆయన్ని దాని మీద నిలబెట్టేది. డెబ్బై ఒకటి. గోడ మీద సుద్దతో రాసేది. పాపాయి గోడవతల నుంచి చూసి, "కేజీ ఎంతకే?" అని అడిగింది.

"నీకైతే ఊరికే ఇస్తాను, పట్టుకుపో."

"వద్దులే తల్లీ. ఆ మీసాలు చూస్తే పిల్లి కూడా ముట్టదు" అంది పాపాయి. పల్లంరాజు కాటా మీద నుంచే నవ్వాడు. ఆ నవ్వు చూడటానికే పాపాయి అందని నూకరత్నానికి తెలుసు.

హేమశ్రీ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఎండు చేప అని నేను వేరే చెప్పలేదు పిన్నీ. తెలిసే ఉంటుందనుకున్నాను" అని కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ కూర్చుని వంట మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. పచ్చి చేప పులుసులో పుల్ల మామిడికాయ, మిరియాలు, వెల్లుల్లి. దించేముందు నిమ్మకాయ, కొత్తిమీర. రోజు మొత్తానికి ఆయనకి అర చెంచాడు ఉప్పు, పొద్దున్నే చిన్న గిన్నెలో తీసి పక్కన పెట్టడం. అన్నం సగం తగ్గించి తోటకూర, బీరకాయ, ఆనపకాయ. నెలన్నరకి ఆయన నాలుకే మారింది. పాపాయి ఇంట్లో చారు రుచి చూసి ఉమ్మేశాడు, "సముద్రం తోడిపోశావేంటే" అని.

నడకకి నూకరత్నం ఒక ఉపాయం కనిపెట్టింది. భుజాన ఖాళీ సంచి వేసి పంపింది. చేతిలో సంచి ఉంటే పేటలో ఎవరూ ఎవరు పోయారని అడగరు, ఏదో పని మీద వెళ్తున్నాడనుకుంటారు. మొదట కరెంటు స్తంభం దాకా, తర్వాత ఐసు ఫ్యాక్టరీ దాకా. ఆయన ముందు, పది అడుగులు వెనక ఈమె. ఆయన వీపే చూస్తూ, ఊపిరే వింటూ. గట్టు మీద గాలి ఎక్కువైనప్పుడు ఊపిరి చప్పుడు వినపడేది కాదు. అప్పుడు ఆమె కాళ్లు వాటంతటవే తొందరపడేవి.

సంతలో మళ్లీ గొంతెత్తలేదు. బీపీ ఉన్నవాళ్లని మొహం చూసి పోల్చుకోవడం కుదరదు కాబట్టి, కొనే ప్రతివాళ్లనీ బీపీ ఉందా అని అడిగేది. ఉందంటే గంప మీద గోనె కప్పేసేది. "ఇలా అమ్ముకుంటే ఎలా బతుకుతావే" అని పాపాయి తిట్టింది. వేరే పని రాదు, ఈ పనికి మనసొప్పదు. అలాగే నడిపిస్తోంది.

ఐదు నెలలు గోడ మీద డెబ్బై ఒకటి, డెబ్బై, డెబ్బై ఒకటి. ఆ అంకెల మీదే ఆమె రోజులు నడిచాయి.

కార్తీకంలో పట్టిసీమ దగ్గర పల్లంరాజు చెల్లెలి ఇంట్లో పెళ్లి వచ్చింది. తొట్ల నిండా చేపుంది, నూకరత్నం కదల్లేదు. "నేను చిన్నపిల్లాణ్ణేంటే" అని ఆయన అన్నతో కలిసి బస్సెక్కాడు. ఒంట్లో నీరు దింపే నీళ్లమాత్రలతో సహా మాత్రలన్నీ పొట్లం కట్టి జేబులో పెట్టింది. ఉప్పు సంగతి పదిసార్లు చెప్పింది. మూడు రోజులు గోడ ఖాళీగా ఉంది.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న కాటా ఎక్కాడు. డెబ్బై మూడున్నర.

ఆమె ముల్లు ఆగేదాకా చూసింది. దిగమంది. మళ్లీ ఎక్కమంది. డెబ్బై మూడున్నర.

"కాటా పాడైంది" అన్నాడు పల్లంరాజు.

ఆమె ఇరవై కేజీల రాయి తెచ్చి కాటా మీద పెట్టింది. సరిగ్గా ఇరవై చూపించింది.

"నీళ్లమాత్ర వేసుకున్నావా?"

ఆయన గట్టు వైపు చూశాడు. "బస్సులో ఎలా వేసుకోనే. పావుగంటకోసారి ఒంటికి వస్తుంది. బస్సు ఆపమంటే కండక్టరు తిట్టడూ. పెళ్లింట్లో కూడా అందరి ముందూ లేచి పరిగెత్తడం ఏం బాగుంటుంది. వచ్చాక వేసుకుందామని దాచాను."

"మూడు రోజులూనా?"

"మూడు రోజులే కదా."

"ఏం తిన్నావ్?"

"పెళ్లిలో ఏం పెడితే అదే తిన్నాను. చెల్లెలు పక్కన కూర్చుని వడ్డిస్తే వద్దంటానా. నాకేం లేదే రత్నం. ఆయాసం లేదు. దగ్గు లేదు. చూడు, ఎలా మాట్లాడుతున్నానో. ఇప్పుడు మాత్ర వేసేసుకుంటాను, రేపు వెళ్దాం."

గుమ్మం ముందు అప్పుడే దింపిన కానాగంతలున్నాయి, అరవై కేజీల పైమాటే. ఇంకా కత్తి పెట్టలేదు. ఎండ ఎక్కుతోంది. పాపాయి ఆ రోజు తెల్లారకముందే సంతకెళ్లిపోయింది. గంట ఆగితే చేప మెత్తబడుతుంది, మధ్యాహ్నానికి చేతికి రాదు. చేప వదిలేసి వెళ్లిన రోజు ముప్పై రెండేళ్లలో లేదు.

"రేపటికి నేను నిన్ను నమ్మను" అంది.

"చేపో?"

"పోతే పోనీ."

కాకులు అప్పటికే గోడ మీదికి చేరాయి. ఆమె ఆసుపత్రి కాగితాల సంచి తీసుకుంది. మూడు రోజుల పొట్లం ఆయన జేబులోంచి తీసి కొంగున కట్టుకుంది, డాక్టరమ్మకి చూపించడానికి. పేటలో ఆటో ఉన్నది జాషువాకి. పిలిస్తే రెండు నిమిషాల్లో వచ్చాడు. ఫోన్లో హేమశ్రీ, "మంచి పని చేస్తున్నారు పిన్నీ, నేను ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్తాను. దారిలో ఏమైనా తేడా వచ్చినా ఆటో ఎక్కడా ఆపకండి" అంది.

దారంతా పల్లంరాజు గొణిగాడు. మంచి చేప మట్టిపాలైందన్నాడు. ఈ ఆడదానికి కాటా పిచ్చి పట్టిందని జాషువాతో చెప్పాడు. జాషువా అద్దంలో చూసి నవ్వి, "మా ఇంట్లో అయితే నన్ను ఎక్కించడానికి కాటా సరిపోదండి" అన్నాడు. తాళ్లరేవు దాటేదాకా మాటలు ఆగలేదు. దాటాక కొంచెం తగ్గాయి. కోరింగ వంతెన దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయాయి.

నూకరత్నం ఆయన మొహం చూడలేదు. ఛాతీ చూసింది. చొక్కా గుండీల మధ్య సందు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. కాసేపటి కిందటికన్నా తొందరగా.

"రత్నం" అన్నాడు మెల్లగా. "కాస్త నిటారుగా కూర్చోబెట్టు."

ఆమె వెనక్కి జరిగి, ఆయన వీపుని తన మీదికి తీసుకుంది. "కాకినాడ ఇంకెంత దూరం బాబూ?" అని అడిగింది.

"పదిహేను కిలోమీటర్లండి."

"తొందరగా పోనివ్వు" అంది, ఆయన ఊపిరిని లెక్కపెడుతూ.